ఎడమ కాలికి ఒక్కటే పని

మొన్న కరీంనగర్‌లో మా వీధి చివరి టైలరుకు జాకెట్టు గుడ్డ ఇద్దామని పోతే, ఆయన తన పాత కాలిమిషినుకు నూనె పోస్తున్నాడు. ఆ పల్చటి నూనె వాసన, దాని వెనకే కొత్త గుడ్డల గంజి వాసన తగిలేసరికి ఎందుకొచ్చానో మరిచిపోయి అక్కడి బల్ల మీద కూర్చుండిపోయాను. కళ్ళ ముందు గోదావరిఖనిలో మా పెంకుటిల్లు, వసారాలో మిషిను ముందు మా అవ్వ. మా ఇంట్లో అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలిచేవాళ్ళం.

డెబ్బైల మొదటి రోజులవి. బొగ్గుగని సైరను మోగితే నిద్ర లేచి, మళ్ళీ సైరను మోగితే అన్నం తినే ఊరు మాది. తెల్లవారితే ఇంటింటి ముందు బొగ్గుల పొయ్యి రాజుకొని, పొగ తెల్లటి దుప్పటిలా కాలనీ మీద పరుచుకొని, అందులోంచి డ్యూటీకి పోయేవాళ్ళు టోపీలూ అన్నం గిన్నెలూ పట్టుకొని కలలో మనుషుల్లా నడిచిపోయేవాళ్ళు. ఎండాకాలం అడవి నుంచి తునికిపండ్లు, మొర్రిపండ్లు మోదుగాకు దొప్పల్లో వచ్చేవి. వానాకాలం బొగ్గుల మీద కాల్చిన మక్కకంకులు తింటూ, ఆరేసిన బట్టల మీద పడిన నల్లటి నుసిని వేలితో తీసి ఒకరి బుగ్గకు ఒకరం పూసుకునేవాళ్ళం. బతుకమ్మ నాడు తంగేడు, గునుగు పూల చుట్టూ ఆడోళ్ళు అడుగులో అడుగు కలిపి తిరుగుతుంటే, నేను రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్ద చప్పరిస్తూ ఒక్క మా అవ్వ పాదాలనే చూసేదాన్ని. ఆమె ఎక్కడా తడబడేది కాదు.

బాపుకు నల్లటి అంబాసిడర్ కారు ఉండేది. రామగుండం స్టేషను నుంచి ఖనికి, బసంత్‌నగర్‌కు కిరాయికి తోలేవాడు. దాని సీటు రెక్సిను ఎండకు కాగి, పెట్రోలు వాసనతో కలిసి, నాకు అదే బాపు వాసన. చెప్పులు సీటు కిందికి తోసి ఒట్టి కాళ్ళతో తోలేవాడు. "చెప్పు అడ్డముంటె బండి ముచ్చట కాలుకు ఎట్ల ఎరుకైతది?" అనేవాడు.

ఒక వానాకాలం బసంత్‌నగర్ తోవలో టైరు మారుస్తుంటే, మెత్తబడిన మట్టిలో జాకీ పక్కకు ఒరిగి కారు అతని ఎడమ పాదం మీద దిగింది. ఎముకలు అతుక్కున్నాయి గానీ చీలమండ మళ్ళీ వంగలేదు. కట్టె పట్టుకొని నడిచేవాడు, క్లచ్చు మాత్రం తొక్కలేకపోయాడు. సాయంత్రాలు ఇంటి ముందు నిలిపిన కార్లో ఒక్కడే కూర్చొని, స్టీరింగు మీద చేతులు పెట్టుకొని, ఎటో చూస్తుండేవాడు. వాకిట్లో ఆడుకునే మేం ఆ కారు దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించేవాళ్ళం.

బతుకమ్మ పండుగ అయిపోయిన తెల్లారి, జాకెట్టుకు కాజాలు కుడుతూనే అవ్వ అన్నది: "నాకు నేర్పు."

"ఏంది నేర్పేది?"

"కారు."

బాపు నవ్వలేదు, కోప్పడలేదు. "ఖని మొత్తం చూస్తది" అన్నాడు.

"చూడనియ్. చూస్తె నా కాళ్ళు అరుగుతయా?"

ఆ మాటతో ఇంట్లో ఏదో కిటికీ తెరుచుకున్నట్టయింది. బాపు ఆ సాయంత్రమే వాకిట్లో కుర్చీ వేసి, దాని ముందు మూడు ఇటుకలు పేర్చాడు. "ఎడమ దిక్కుది క్లచ్చు. నడుమ బ్రేకు. కుడి దిక్కుది ఎక్సలేటర్. కుడికాలుకు రెండు పనులు, ఆపుడు, నడుపుడు. రెండూ ఒక్కసారి చెయ్యది. మడమ నేలకు ఆనిచ్చి పాదం అటు ఇటు తిప్పాలె. ఎడమ కాలుకు క్లచ్చు ఒక్కటే పని. ఎంత భయమైనా దాన్ని బ్రేకు మీదికి పంపకు." అవ్వ కొంగు నడుముకు చెక్కుకొని, మెట్టెలు ఇటుకకు టక్కుమని తగులుతుంటే, అతను "ఆపు" అంటే ఆపేది, "నడుపు" అంటే నడిపేది. ఆమె లేవగానే మా ఆడపిల్లలం ఆ కుర్చీ కోసం కొట్లాడుకునేవాళ్ళం. ఆ ఏడు తొక్కుడుబిళ్ళ ఎవరికీ గుర్తుకు రాలేదు.

తర్వాత అసలు కారు. గోదారి ఇసుకను గనుల కోసం కుప్పపోసే బంకరు వైపు పోయే తోవ సాయంత్రాలు ఖాళీగా ఉండేది. అవ్వ క్లచ్చు ఒక్కసారిగా వదిలితే కారు కప్పలా ఎగిరి ఆగిపోయేది. వెనక సీట్లో నేను ముందుకు తూలి పకపకా నవ్వేదాన్ని. క్లచ్చు మీద కాలు ఆనించి నడిపితే మాడిన వాసన వచ్చేది. "ప్లేట్లు కాలుతున్నయ్, కాలు పక్కకు తియ్యి" అనేవాడు బాపు. చదును మీద ఆమెకు తొందరగానే వచ్చింది. రానిదల్లా బంకరు ముందున్న ఎత్తు. అక్కడ ఆగి మళ్ళీ కదలాలంటే కారు వెనక్కి జారేది, అవ్వ బెదిరి రెండు కాళ్ళూ బ్రేకు మీద వేసేది, ఇంజను చచ్చిపోయేది. హ్యాండుబ్రేకు ఎప్పుడో అరిగిపోయింది. అంతా కాళ్ళ మీదే.

"క్లచ్చు మెల్లగ ఇడుస్తుంటె ఒక జాగల బండి వణుకుతది. ఆ వణుకు దొరకబట్టాలె" అనేవాడు బాపు. దొరికేది కాదు. ఒకరోజు మిషిను మీద కుడుతూ కుడుతూ అవ్వ ఆగిపోయి, పాదాన్ని తొక్కుడు పలక మీద అట్లాగే నిలిపి, "చక్రం ఎనుకకు తిరుగకముందు ఇది గూడ గిట్లనే వణుకుతది" అని తనలో తాను అనుకున్నది. ఆ తర్వాత ఎత్తు మీద అప్పుడప్పుడు నిలిచేది, అప్పుడప్పుడు జారేది.

చలి తగ్గుముఖం పట్టి మోదుగులు మొగ్గ తొడిగే వేళ సమ్మక్క జాతర వచ్చింది. ఊళ్ళో ఉన్న టాక్సీలన్నీ జాతర కిరాయిలకు పోయాయి. మధ్యాహ్నం పక్కింట్లో మేం పిన్ని వరసన ఖాలా అని పిలిచే జైనబ్‌కు నొప్పులు మొదలయ్యాయి. ఆమె భర్త షిఫ్టులో గని లోపల ఉన్నాడు. పురుళ్ళు పోసే ముసలి రాజవ్వ లోపలికి పోయి, చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"బిడ్డ అడ్డం తిరిగింది. నాతోని కాదు. జల్ది దవాఖానకు తీస్కపోండ్రి."

అందరూ మా కారు వైపు చూశారు. బాపు అవ్వ వైపు చూశాడు. అవ్వ చెప్పులు విడిచి, స్టీరింగు ముందు కూర్చుంది. బాపు ఆమె పక్క సీట్లో ఎక్కాడు. ఖాలాను రాజవ్వ వెనక సీట్లో తన ఒడిలో పడుకోబెట్టుకుంది. అవ్వను విడిచి ఉండనని ఏడ్చి నేను వాళ్ళ కాళ్ళ దగ్గర ఇరుక్కున్నాను. "యా అల్లా, ఆపా, జల్ది" అని ఖాలా అవ్వను అక్కా అని పిలుస్తూ మూలుగుతోంది.

దవాఖానకు పోయే తోవలో రైలు గేటు ఉండేది, గేటుకు ముందు నిటారుగా ఎత్తు. మేం ఆ ఎత్తు మీద ఉండగానే గేటు పడింది. బొగ్గు వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి, ఎప్పటికీ అయిపోవన్నట్టు, నిద్రలో నడిచినట్టు పోతున్నాయి. వెనక ఒక లారీ వచ్చి మా డిక్కీకి జానెడు దూరంలో ఆగింది. నేను లేచి ముందు సీటు మీదుగా వంగి చూశాను. బ్రేకు మీద అవ్వ కుడికాలు, క్లచ్చు మీద ఎడమకాలు. గేటు లేచింది. లారీ హారను కొట్టింది. అవ్వ మెడ మీద చెమట ధారగా దిగుతోంది.

"లారీని మరిచిపో" అన్నాడు బాపు, పసిపిల్లకు చెప్పినంత మెల్లగా. "కుడికాలు ఆడనే ఉంచు. క్లచ్చు ఇడువు. ఇంక జర. ఇంక జర."

కారు వణికింది.

"దొరికింది" అన్నది అవ్వ.

"ఎడమకాలు కదిలియ్యకు. ఇగ కుడికాలు తియ్యి."

ఆమె పాదం మడమ మీద తిరిగి ఎక్సలేటరు మీదికి పోయిన ఆ క్షణం నాకు ఇప్పటికీ నీళ్ళలో జరిగినట్టు నిదానంగా కనిపిస్తుంది. కారు వెనక్కి జారలేదు. ముందుకు ఒరిగి, పట్టాలు ఎక్కి, దిగింది. అప్పుడు చూశాను, ఏ పెడలూ లేని ఎడమవైపు సీట్లో కూర్చొని, బాపు తన వంగని పాదాన్ని కూడా నేలకు నొక్కిపట్టి ఉన్నాడు.

పొద్దు గూకేలోపల జైనబ్ ఖాలాకు ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా చల్లగా ఉన్నారని సిస్టరమ్మ చెప్పేసరికి రాజవ్వ దవాఖాన మెట్ల మీద కూలబడి ఏడ్చింది. షిఫ్టు దిగి, ముఖం మీద బొగ్గు కడుక్కోకుండానే పరిగెత్తుకొచ్చిన ఖాలా భర్త, అవ్వ ముందు చేతులు కట్టుకొని నిలబడి, తోబుట్టువును పిలిచినట్టు "బహెన్" అని మాత్రం అన్నాడు. బాపు కారుకు ఆనుకొని ఉన్నాడు. పాదం విరిగిన నాటి నుంచి నేను చూడని నవ్వు అతని ముఖంలో ఉంది.

"రేపు కరీంనగర్ పోయి నీకు లైసెన్సు అడుగుదాం" అన్నాడు అవ్వతో.

ఆమెకు లైసెన్సు వచ్చింది. మొదట్లో పిల్లలు కారు వెంట ఉరికేవాళ్ళు, మగవాళ్ళు హోటళ్ళ ముందు లేచి నిలబడి చూసేవాళ్ళు. కొన్నాళ్ళకు ఎవరూ చూడలేదు. కాన్పులకు, జ్వరాలకు ఆడోళ్ళు అవ్వ కారునే పిలిపించుకునేవాళ్ళు. బాపు పక్కన కూర్చొని దారి పొడుగునా ముచ్చట్లు చెప్పేవాడు. నేను పెళ్ళై పోయేదాకా మా ఇంటి సాయంత్రాలు అట్లాగే, కారు ఆగిన చప్పుడుతో, వాళ్ళిద్దరి నవ్వులతో మొదలయ్యేవి.

ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. పోయిన వేసవిలో ఖనికి పోయి ఆ వైపు తిరిగి వచ్చాను. మా పెంకుటిండ్ల వరుస లేదు, బంకరు తోవ లేదు. ఆ నేలంతా బొగ్గు కోసం తవ్వి ఓపెన్‌కాస్టు చేశారు. కంచె పక్కన నిలబడి చూస్తే, చాలా లోతున డంపర్లు బొమ్మల్లా పాకుతున్నాయి. కాపలా కుర్రవాడు వచ్చి, "ఏం చూస్తున్నవ్ పెద్దమ్మా?" అన్నాడు.

"ఈడ ఒక ఎత్తు ఉండె బిడ్డా."

అతను ఆ గొయ్యి వైపూ నా వైపూ చూసి, "ఎండ గొడుతున్నది, నీడకు రా" అన్నాడు.