నాయిన కోసం మెత్తటి చీరెలు

పక్షవాతంతో మంచంల ఉన్న మా నాయినకు డైపర్లు వాడుతున్నం. వాటికి ఇన్సూరెన్స్ వస్తదేమోనని ఇయ్యాల పొద్దున ఫోన్ చేసి అడిగిన. "ఇంట్లో వాడేవి వైద్యం కిందికి రావండి" అన్నది అటుదిక్కు అమ్మాయి, చానా మర్యాదగ.

అమ్మ పక్కనే ఉండి విన్నది. సూర్యాపేటల మా గల్లి నల్లాకాడికి పోయి, పాత నూలు చీరెలుంటే ఇయ్యమని అందరినీ అడిగొచ్చింది. మా దిక్కు గట్ల అడిగితే ఇంట్ల పురుడైందనుకుంటరు.

సాయంత్రం ఎదురింటి యాదమ్మ పెద్దమ్మ చీరెలు సంకల పెట్టుకొని నవ్వుకుంట వచ్చింది.

"పిల్లనా, పిలగాడా?"

అమ్మ మంచం దిక్కు చూపెట్టింది. నాకు మొఖం ఎక్కడ పెట్టుకోవాలో తెల్వలే. డైపర్ మార్చేటప్పుడల్లా గోడ దిక్కు తిరిగి కండ్లు మూసుకునే నాయిన, మెల్లగ ఇటు తిరిగిండు.

"పిలగాడే అక్కా" అన్నడు.

పెద్దమ్మ చీరెలు అమ్మ చేతిల పెట్టింది. తర్వాత దగ్గరికి పోయి, పసిపిల్లలకు తీసినట్టే మెటికలు విరిచి నాయినకు దిష్టి తీసింది.

ఆ చీరెలు ముట్టుకుంటే వెన్నలెక్క ఉన్నయి. ఇవి దేని కిందికి వస్తయో తెలిసినోళ్లు ఎవలన్న ఉంటే జర చెప్పున్రి.