అక్కకి అంబలిలో కలిపిన మాత్ర

ఈ సంగతిని కొన్నేళ్లు ఒంటరిగా మోశాను. మా ఇంట్లో బరువులెత్తే మనిషి అక్క. ఆమె ఎత్తిన వెంటనే కింద పడేస్తుంది, జనం చప్పట్లు కొడతారు. నా దానికి చప్పట్లూ లేవు, పడేసే చోటూ లేదు. ఈ మధ్యే ఒక సగం దించాను. మిగతా సగం మీకు చెబుతాను, ఎందుకంటే మీరు మా ఊరి మనుషులు కారు. కంగారు పడకండి, హత్యలాంటిదేమీ కాదు. అక్క తిండిలో ఆమెకు తెలియకుండా మందు కలిపాను. అంతే. రాసి చూస్తే మాత్రం హత్యలాగే ఉంది.

మాది నెల్లిమర్ల దగ్గర ఊరు. మా ఊరి ఆడపిల్లలు వెయిట్ లిఫ్టింగ్ చేస్తారు. మాకిది వింత కాదు, కొన్ని ఊళ్లలో కుట్టుపని నేర్చుకున్నట్టే. అక్క రాష్ట్ర పోటీలకు వెళ్లాల్సిన వారంలోనే కింది దవడ పన్ను మొరాయించింది. విజయనగరంలో పళ్ళ డాక్టరు రూట్ కెనాల్ చేశాడు. తిమ్మిరి దిగాక నొప్పి వస్తుందని, రెండు మూడు రోజుల్లో తగ్గుతుందని, అంతవరకూ తిన్న తర్వాత వేసుకోమని మాత్రలు రాశాడు. ఇవి వేసుకుంటే డోపింగ్ పరీక్షలో దొరుకుతానా అని అక్క అడిగింది. మామూలు నొప్పి మాత్రలే, వీటికి నిషేధం లేదన్నాడాయన. అక్క బుద్ధిగా తలాడించింది. బస్సెక్కాక, ఆయన పళ్ళు చూసుకునే మనిషి, బరువుల సంగతి ఆయనకేం తెలుసంది.

ఎవరో కుర్రాడు దగ్గుమందు తాగి పోటీల్లోంచి పోయాడని మా జిమ్ములో ఒక కథ ఉంది. ఆ కుర్రాణ్ణి చూసినవాళ్లు లేరు. అయినా పోటీలు దగ్గరపడితే మా పిల్లలు మందుల షాపు ముందునుంచి కూడా నడవరు. నిషేధించిన మందులేవో ఫోనులో తెరిచి చూపించాను. నీ ఫోనులో ఏదైనా వస్తుందంది అక్క. తప్పు ఆమెది కాదు. అంతకుముందోసారి, జిమ్ముకి సెలవని కోచ్ పేరుతో ఉత్తుత్తి మెసేజ్ తయారుచేసి ఆమెను నమ్మించినవాణ్ణి నేనే. వేళాకోళం చేసేవాడికి వచ్చే నష్టం ఇదొక్కటే. నిజం చెప్పాల్సిన రోజున వినేవాళ్లుండరు.

సాయంత్రానికి తిమ్మిరి దిగింది. దవడకి తువ్వాలు కట్టుకుని, గోడవైపు తిరిగి పడుకుంది అక్క. ఏడవడం లేదట. కళ్ళు వాటంతట అవే కారుతున్నాయట. అమ్మ పాతపట్నంలో పిన్ని ఇంటికి వెళ్లింది కాబట్టి వంట నాది. చోడి అంబలి, అదే రాగి జావ, కాచాను. మాత్ర పొడి చేశాను. ఒక్కటే, డాక్టరు చెప్పిన మోతాదే. ఆ మాత్రం పద్ధతైన నేరస్తుణ్ణి. పైన బెల్లం దండిగా వేసి గ్లాసు చేతికిచ్చాను.

"ఏటిరా ఇది, సేదుగా ఉన్నాది?"

"బెల్లం పాతదక్కా."

"పాతబడితే బెల్లం సేదెక్కుతాదేటి?"

"నీ నోట్లో అంత మందు పోసి పన్ను తవ్వేరు. ఇప్పుడు పంచదారైనా సేదే. తాగు."

గ్లాసు దించి నా మొహంలోకి చూసింది.

"నా మీదొట్టేసి సెప్పు. ఏటీ కలపలేదు కదా?"

"నీ మీదొట్టు."

తాగింది. కాసేపటికి గురక. మా ఇంట్లో అంత కమ్మటి గురక నేను వినలేదు.

నొప్పి తగ్గేదాకా అంబలి అలాగే కాచాను. అక్క వెళ్లింది, ఎత్తింది, మూడో స్థానంలో పతకం పట్టుకొచ్చింది. ఊరేగింపులో డప్పుల ముందు నేను గెంతిన గెంతులకి మర్నాడు నాకే మాత్ర కావలసివచ్చింది. జిమ్ము షెడ్డు కింద నిలబడి, పన్ను తవ్వినా ఒక్క బిళ్ళ మింగలేదని చెప్పింది అక్క. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

ఎందుకు చేశాను? జాలితోనా? జాలి ఉంది. కానీ ఆ మాత్ర ఆమె ఒంటికి పడకపోతే ఏమయ్యేది? ఏం మందులు వాడావని పోటీల దగ్గర ఎవరైనా అడిగితే, జన్మలో అబద్ధమాడని మనిషి నిజాయితీగా ఏవీ వాడలేదని చెప్పేది, ఆ అబద్ధం ఆమె నోట్లో పెట్టినవాణ్ణి నేనయ్యేవాణ్ణి. ఇవేవీ ఆ రోజు నాకు తోచలేదు. తోచిందొక్కటే. నా మాట నమ్మలేదు కదా, నా మాటే నెగ్గాలి. నెగ్గింది.

మొన్నామధ్య, అక్క దగ్గర నేర్చుకుంటున్న పదో తరగతి పిల్ల బుగ్గ వాచిపోయి జిమ్ముకి వచ్చింది. ఆమెకీ రూట్ కెనాలే. మాత్రలు చేతిలోనే ఉన్నాయి, వేసుకోదు. వాళ్లమ్మ బతిమాలుతోంది. "అక్క మింగలేదు కదా" అంటోంది పిల్ల. అక్క ఆ తలమీద చెయ్యేసింది, మురిపెంగా. పిల్ల కళ్ళు కారుతున్నాయి, వాటంతట అవే.

"అక్క మింగింది. నేనే అంబలిలో కలిపి తాగించేను," అన్నాను.

పిడుగులు పడతాయనుకున్నాను. ఫ్యాను తిరిగింది. ఇంకో పిల్ల కిసుక్కున నవ్వి ఆపుకుంది.

"ఒట్టు కూడా ఏసేవు కదరా," అంది అక్క.

"ఏసేను."

ఆమె ఇంక నావైపు చూడలేదు. ఏమైనా తిన్నావా అని పిల్లని అడిగింది. ముందు తిను, తిని బిళ్ళేసుకో, డాక్టరు సెప్పినట్టు సెయ్యి అంది. పిల్ల తిని బిళ్ళేసుకుంది. చీకటిపడే వేళకి వాళ్లమ్మతో పోట్లాడుతూ ఇంటికి వెళ్లింది. కులాసాగా ఉన్నట్టే లెక్క.

అక్క నాకు వేసిన శిక్ష ఒకటే. ఇకమీదట కొత్త పిల్లలు ఎవరొచ్చినా ఈ కథ నేనే చెప్పాలి, ఒట్టుతో సహా. చెబుతున్నాను. పిల్లలు పడీపడీ నవ్వుతారు. అక్క ఇనుప ప్లేట్లు సర్దుకుంటూ ఉంటుంది. నవ్వదు, తిట్టదు. క్షమించావా అని నేనడగలేదు. అక్కడ నేను చెప్పేది జాలిపడ్డ తమ్ముడి కథే. నెగ్గాలనుకున్నవాడి ముక్క ఇప్పుడు మీకే చెప్పాను.

రాయడం అయ్యాక విపరీతంగా ఆకలేస్తోంది. నిజం చెబితే ఇంత ఆకలేస్తుందని నాకు ఎవరూ చెప్పలేదు.