తొలిబంతి బ్యాండు

మా పెద్ద డ్రమ్ము మీద ‘తొలిబంతి బ్యాండు’ అని రాసి ఉంటుంది. క్రికెట్ పిచ్చా అని కుర్రాళ్ళు అడుగుతారు. కాదు. పెళ్ళిలో ముందుగా భోజనానికి కూర్చునే వరస తొలిబంతి. ఆ పేరు మాకు మండపేట దగ్గర ఒక పెళ్ళిలో వచ్చింది. ముసలితనంలో నాలుగు అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి రాస్తున్నాను, లేకపోతే నోటితో చెప్పి ఊరుకునేవాణ్ణి.

బ్యాండువాళ్ళకి కడబంతి. అది ఆనవాయితీ. అందరూ తిన్నాక పందిరి వెనక మాకు విస్తళ్ళు వేసేవారు. అప్పటికి పప్పు నీళ్ళయ్యేది, పూతరేకులు అయిపోయేవి. ‘ఊదేవాళ్ళు ముందే తింటే ఊపిరాడదు కదా’ అనేవారు. ఆ మాట నిజమే. కాని మమ్మల్ని వెనక కూర్చోబెట్టింది మా ఊపిరి మీద దయతో కాదు, మా పేట పేరు చూసి. డ్రమ్ము కొట్టేవాడికి ఊపిరితో పనేంటి? వాడికీ కడబంతే.

ఆ రోజు ముహూర్తం పొద్దున్నే అయిపోయింది. పెళ్ళికూతురి తల్లి, భర్త పోయాక వ్యవసాయం తానే చేయించుకుంటున్న మనిషి, మమ్మల్ని పందిట్లోకి పిలిచారు.

“ఏవయ్యా, నిలబడిపోయారేంటి? కూర్చోండి.”

మగపెళ్ళివారి వరసలోనే మాకూ ఆకులు వేయించారు. పెళ్ళికొడుకు మేనమామ ముఖం మాడిపోయింది.

“ఏంటమ్మా ఇది? మేళగాళ్ళు మా పక్కనా?”

“తెల్లారకముందు నించీ ఊదుతున్నారండి. వాళ్ళూ మా అమ్మాయి పెళ్ళికొచ్చినవాళ్ళే.”

“సరే, తిననివ్వండి. ఊరేగింపులో మేళం ఆగిందో, మావాణ్ణి తీసుకుని మా దారిన మేం పోతాం. మీ అమ్మాయిని తర్వాత మీరే దిగబెట్టుకోండి.”

ఆవిడ మా ఆకుల్లో నెయ్యి వేశారు. పనసపొట్టు కూర, పులిహోర, పూతరేకులు అడిగడిగి వడ్డించారు. వద్దనడం మాకు చేతకాలేదు. అంతకుముందెప్పుడూ వద్దనే అవసరం రాలేదు.

చెయ్యి కడుక్కోగానే ఊరేగింపు. క్లారినెట్ నోట్లో పెట్టుకుంటే గాలి రాలేదు, త్రేనుపు వచ్చింది. ట్రంపెట్ ఊదే మా తమ్ముడు, “అన్నయ్యా, నావల్ల కాదు. పూతరేకు ఇంకా గొంతులోనే ఉంది” అన్నాడు.

“అదిగోనమ్మా మీ తొలిబంతి బ్యాండు! ఊదమంటే త్రేనుస్తున్నారు” అన్నాడు మేనమామ. జనం గొల్లున నవ్వారు.

ఆవిడ నా దగ్గరికొచ్చి మెల్లగా, “ఏం చేద్దాం?” అన్నారు. తిట్టలేదు.

“డ్రమ్ముని ముందుకి పంపుతామండి. మేం కాస్త నడిస్తే సర్దుకుంటుంది. కారు మాత్రం నెమ్మదిగా రావాలి.”

ఆవిడే వెళ్ళి కారు డ్రైవరుతో చెప్పారు. ఎందుకంత నెమ్మదని మేనమామ కసిరాడు.

“తిన్నవాళ్ళకి ఆయాసం రాదేంటండి అన్నయ్యగారూ? మీరు బెల్టు వదులు చేసుకోలేదూ?”

ఈసారి నవ్వింది వాళ్ళవైపువాళ్ళే. ఆయన చెయ్యి బెల్టు మీదికి పోయింది.

కాలవగట్టు దాకా మా బావ ఒక్కడే డ్రమ్ము మీద దరువు నడిపించాడు. గట్టెక్కేసరికి మాకు ఊపిరి తిరిగింది, అందుకున్నాం. బాగా ఊదామని చెప్పను. తమ్ముడు రెండుచోట్ల జారాడు. కాని మేళం ఆగలేదు. పిల్ల పరువుగా అత్తారింటికి వెళ్ళింది.

ఆ ఎగతాళినే పేరుగా పెట్టుకున్నాం. దేవుడి పేరు పెట్టుకోండర్రా అన్నారు చాలామంది. దేవుడు మాకెప్పుడూ అన్నం పెట్టి, ఆ పెట్టినందుకు మాటపడి, మా పక్కన నిలబడలేదు. ఆవిడ నిలబడ్డారు.

రెండో అమ్మాయి పెళ్ళికీ మమ్మల్నే పిలిచారు. మళ్ళీ తొలిబంతే. నేను ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాను.

“ఏవయ్యా, కూర నచ్చలేదా?”

“నచ్చిందండి. ఊరేగింపయ్యాక తింటామండి.”

“అప్పటికి మిగిలిందే పెట్టాలి మరి.”

“మిగిలింది వద్దండి. ఇప్పుడే తీసిపెట్టించండి.”

ఆవిడ నన్నోసారి చూసి, పెద్ద గిన్నె తెప్పించి, అందరికంటే ముందు మా కూర అందులోకి తీయించి మూత పెట్టారు.