నీళ్లు కక్కించే పెద్దనాయన

ఉదయగిరి దగ్గర మా ఊళ్లో ఎవరు బావిలో పడినా ముందు మా పెద్దనాయనకే కబురు వెళ్లేది. మునిగినవాణ్ణి తలకిందులుగా భుజాన వేసుకుని పరుగెత్తడం ఆయన విద్య. పని కాగానే ఎవరివైపూ చూడకుండా చెయ్యి చాపేవాడు. ఎవరో ఒకరు తువ్వాలు అందించాలి. ఆ చెయ్యి తలుచుకుంటే ఇప్పటికీ నాకు కంపరమెత్తుతుంది.

నేను ఆత్మకూరులో నర్సుగా చేరిన ఏడాది, సెలవుకి ఊరికి వచ్చినప్పుడు, గొర్రెలు కాసే ఒకతన్ని మా బావిలోంచి బయటికి తీశారు. ఊపిరి లేదు. నేను మోకాళ్ల మీద కూర్చుని, నేర్చుకున్నట్టే రొమ్ము మీద రెండు చేతులూ పెట్టి నొక్కసాగాను. అతని భార్య కొంగు నోట్లో కుక్కుకుని నా చేతులనే చూస్తోంది.

"లెయ్ మే పైకి! పరాయి మొగోడి మీద చేతులేస్తావా? ముందు నీళ్లు కక్కాల," అంటూ పెద్దనాయన నా రెక్క పట్టి లాగాడు.

లేచాను.

ఆయన అతన్ని భుజాన వేసుకుని బావి చుట్టూ మూడుసార్లు పరుగెత్తాడు. నోట్లోంచి నీళ్లు కారాయి. "వచ్చినాయి, వచ్చినాయి!" అని జనం అరిచారు. ఊపిరి మాత్రం రాలేదు.

"నేనైతే కక్కించినాను. వాడికి ఆయుస్సు లేకపోతే నన్నేం చెయ్యమంటారు?" అని పెద్దనాయన ఎవరివైపూ చూడకుండా చెయ్యి చాపాడు.

తువ్వాలు అందించింది నేనే.