రాలిన పొడి

ల్యాబులో అందరూ ఆయన్ని నురుగు మామ అనేవారు. తలుపుల మీద పేర్లున్న పెద్దలు రాసిచ్చిన పాళ్లలో జిగురూ పొడీ కలిపి, అచ్చులో పోసి, పొంగేదాకా ఓవెన్ దగ్గర కాపలా కాయడం ఆయన ఉద్యోగం. పొంగి గట్టిపడ్డ దిమ్మ రొట్టెముక్కలా ఉంటుంది. చల్లబడితే నీటి ఆవిరిని పీలుస్తుంది, వేడి చేస్తే వదిలేస్తుంది. ఆ పీల్చడం, వదలడంతోనే గదుల్ని చల్లబరిచే యంత్రం నడవాలి. ఏళ్ల తరబడి నడిచినా దిమ్మ పొడి రాల్చకూడదు.

ఈసారి, రోజుల తరబడి వేడి చేసి చల్లార్చి చూసే పరీక్షపెట్టెలో ఉన్న దిమ్మ పాళ్లు మామ సొంతం. జిగురు తగ్గించి పొడి పెంచుదామని, ఆ పెద్దల్లో ఒకరైన మేడమ్‌ని బతిమాలి ఒప్పించాడు. రిటైరయ్యేలోపు తన దిమ్మ ఒక్కటైనా యంత్రంలోకి ఎక్కితే చాలనుకున్నాడు.

పొద్దున్నే పెట్టె తెరిచి, "ఏరా, నిద్రపట్టిందా?" అని దాన్ని పలకరించి, దిమ్మ కింది పళ్లేన్ని దుమ్ము లేకుండా బ్రష్షుతో దులిపేవాడు. తర్వాత మేడమ్ వచ్చి పళ్లెం చూసి, "ఒక్క రవ్వ రాలలేదు మామా!" అని మురిసిపోయేది.

ఒకరోజు బ్రష్షు కనబడలేదు. పళ్లేన్ని వేలితో తుడిచాడు. వేళ్ల మధ్య గరగరలాడింది. ఇన్నాళ్లూ దుమ్మనుకుని దులిపింది, తన చేతులతో కలిపిన పొడినే!

వరండాలో మేడమ్ చెప్పుల చప్పుడు. చొక్కా చేత్తో ఒక్కసారి తుడిస్తే సరిపోతుంది. మామ చెయ్యి పళ్లెం దాకా వెళ్లి ఆగిపోయింది.

"మేడమ్, నా దిమ్మ రాలుతోందండీ."

"ఇవాళ్టి నుంచా?"

"మొదట్నుంచీ అనుకుంటా. నేనే రోజూ శుభ్రంగా దులిపేశాను."

ఆవిడ తల పట్టుకుంది. "నా కొంప ముంచారు మామా!"

"మీది కాదమ్మా, నాదే మునిగింది."

ఆ మాటకి ఆవిడకి నవ్వాగలేదు. దిమ్మని బయటికి తీసి, "జిగురు పెంచి మళ్లీ పోయండి. ఈసారీ పాళ్లు మీవే. పళ్లెం మాత్రం నాది, ముట్టుకున్నారో ఊరుకోను," అంది.

సాయంత్రం సంగతి విని భార్య నోరు నొక్కుకుంది. "ఇంట్లో చీపురెక్కడుంటుందో తెలీదు మీకు! జన్మకో శివరాత్రిలా ఊడ్చారు, అదీ ఊడవకూడని చోట!"

మామ గుడ్డ అందుకుని, టీ బల్ల మీద రాలిన బిస్కెట్టు పొడి తుడవబోయాడు.

"ఆగండాగండి," అందావిడ. "మేడమ్‌ని అడిగారా?"