బావ తెచ్చే బోను

ఈ ఉదయం కూడా మా బావ బోను పట్టుకొని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అందులో ఓ ఎలుక. మా అక్క భర్త ఆయన. జీవితమంతా మరమగ్గాల మోతలో నిలబడి చెవులు పూర్తిగా పోగొట్టుకున్నాడు, అందుకే ఎదుటివాళ్లకు వినపడదేమోనని ఆయనే అరుస్తాడు. "బామ్మర్దీ, జర సూడు దీని కడుపుల!" అన్నాడు. నేను కొలువు మానేసి ఏళ్లు గడిచాయి, ఇంట్లో భూతద్దం కూడా లేదు, అయినా బోను అందుకున్నాను.

ఆ రోజుల్లో సూరత్‌లోని మా తెలంగాణ మగ్గాల కుటుంబాల్లో పదో తరగతి గట్టెక్కినవాడంటే గొప్పే. ఆ చదువుకే నాకొక ప్రయోగశాలలో పని దొరికింది గానీ, ఆ పనేమిటో చెబితే చుట్టాలు ముక్కు మూసుకునేవారు. ఊరి శివారున ఉన్ అనే పల్లె చుట్టుపక్కల చెరకు తోటల్లో, కాలువ గట్ల మీద అడవి ఎలుకలను పట్టి, వాటి పేగుల్లో ఏ పురుగులున్నాయో చూడాలి. వాటి పెంటికలను చిక్కటి ఉప్పునీళ్లలో కలిపి, గొట్టాన్ని అంచుదాకా నింపి, పైన పల్చని గాజుబిళ్ల ఆనించి ఓపిగ్గా కూర్చుంటే, పురుగుల గుడ్లు తేలి ఆ బిళ్లకు అంటుకునేవి. మైక్రోస్కోపులో వాటిని చూస్తే, ఛీ అనుకోవలసింది పోయి, ఎంత ముద్దుగా ఉన్నాయో అనిపించేది నాకు.

అక్కకు లేక లేక పుట్టిన ఒక్కగానొక్క కూతురు నన్ను "ఎల్కల మామా" అని పిలిచేది. అలా పిలవొద్దని కసురుకునేవాణ్ణి, మళ్లీ నేనే సెలవునాడు ప్రయోగశాలకు తీసుకెళ్లి ఆ గుడ్లు తేలడం చూపించేవాణ్ణి.

ఒక ఎండాకాలం ఆ పిల్ల కడుపు ఉబ్బి రాయిలా గట్టిపడింది. బావ బిడ్డను భుజాన వేసుకొని, మగ్గాల షెడ్డు పక్కనే ఉండే మనవైపు కాంపౌండరు దగ్గరికి పరుగెత్తాడు. గోడ అవతల మగ్గాలు హోరెత్తుతుండగా కాంపౌండరు పిల్ల కడుపు నొక్కి చూసి ఏదో చెప్పాడు. బావ పిల్లను ఇంట్లో దింపేసి ప్రయోగశాలలో ఉన్న నా దగ్గరికి వచ్చాడు, చేతిలో షెడ్డులో నూలు గంజి బస్తాల దగ్గర పట్టిన ఎలుకతో.

"బిడ్డ కడుపుల ఎల్క పాములంట! పెద్ద జాగల సూపియ్యుమన్నడు. ఎల్కల సంగతి నీకంటె ఎవలికెరుక? మందేందో జల్ది చెప్పు!"

ఎలుకల బద్దెపురుగు ఒక్కోసారి పిల్లలకూ వస్తుందని మా ప్రయోగశాల నడిపే డాక్టరు సారు నేర్పి ఉన్నారు గనుక ఆ మాటలో నాకు తేడా ఏమీ కనిపించలేదు. బావ తెచ్చిన ఎలుక పెంటికల్లో ఉప్పునీళ్లు కలిపాను. గుడ్లు తేలడానికి పట్టే సమయం పడుతుంది కదా, మనం ఏడ్చినా తగ్గదు, మొత్తుకున్నా తగ్గదు. బావ బల్ల అంచు పట్టుకొని "తేలినయా? తేలినయా?" అంటూనే ఉన్నాడు. తేలాయి. బద్దెపురుగు గుడ్లే. దొరికిందని బావ సంతోషంతో ఏడ్చేశాడు.

సారు రాసిచ్చిన మాత్ర కొనుక్కొని ఇల్లు చేరేసరికి అక్క వాకిట్లోనే గుండెలు బాదుకుంటోంది. పిల్ల చాప మీద కక్కుకుంది. అందులో జానెడు పొడవున తెల్లటి పురుగు. వంగి చూశాను. అది ఎలుకలది కాదు, మనుషుల పేగుల్లో పెరిగేది, ఉండలు కట్టి దారి మూసేసేది. ఆటోలో పెద్దాసుపత్రికి బయలుదేరాం. రింగ్ రోడ్ నిండా బట్టల బేళ్ల టెంపోలు. హిందీలో, గుజరాతీలో, తెలుగులో తిట్టాను, దండం పెట్టాను, దేవుడా, ఒక్కటీ కదల్లేదు. నా ఒళ్లో పడుకున్న పిల్ల సన్నగా అడిగింది: "మామా, నేను ఉప్పునీళ్లు తాగితె అవి తేలి బయటికొస్తయా?"

ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లిన పిల్ల మళ్లీ ప్రాణంతో రాలేదు.

దినాలకు వచ్చిన కాంపౌండరు నన్ను పక్కకు పిలిచి కళ్లు తుడుచుకున్నాడు. "నేను ఏలికపాములన్న బిడ్డా. ఎల్క అనలే. పెద్ద దవాఖానకు కొంచవొమ్మన్న." పిల్ల కక్కిన ఆ తెల్లటి పురుగు పేరే ఏలికపాము; మగ్గాల మోత ఒక్క దీర్ఘాన్ని మింగేసి, బావ చెవిలో దాన్ని ఎలుక చేసింది. ఈ సంగతి అక్కకొక్కదానికే చెప్పాను; బావకు నేను చెప్పలేదు, అక్కా చెప్పలేదు. ఏ నోటితో చెబుతాం? అప్పటినుంచీ ఎక్కడ ఎలుక దొరికినా ఆయన నా దగ్గరికి తెస్తూనే ఉన్నాడు.

ఇప్పుడు బడిలోనే పురుగుల మాత్ర ఇస్తున్నారు, పిల్లలు చాక్లెట్‌లా నమిలేస్తున్నారు. మా ప్రయోగశాల మూతపడింది. గుజరాతీ బడిలో చదివే మా మనవరాలు ఎలుకను ఉందర్ అంటుంది; ఏలికపాము అన్న మాట అది పుట్టి విననే లేదు. ఒక్కోసారి అసూయగా ఉంటుంది, ఈ కాలంలో పుట్టి ఉంటే మా పిల్లా నమిలేది కదా అని.

బోను పెరటి అవతలికి తీసుకెళ్లి ఎలుకను తుప్పల్లోకి వదిలేశాను. తొందరగా వస్తే బావ నమ్మడు, అందుకని ఉప్పునీళ్లకు పట్టేంత సేపు అక్కడే కూర్చొని వచ్చి, ఏమీ లేవని చెయ్యి ఊపాను.

"మరి గప్పుడెందుకున్నయి బామ్మర్దీ?" అని అరిచాడు, ఎప్పటిలాగే.

చెబుదామని ఈరోజు నిజంగానే నోరు తెరిచాను. కానీ ఆ దీర్ఘం ఇప్పుడు ఎంత గట్టిగా పలికినా ఆయనకు వినపడదు.