తిరుపాలమ్మ బాటిల్

డాక్టర్ రెబెకా బల్ల మీద ఒక ఖాళీ నీళ్ల బాటిల్ ఉంటుంది. ఆయాలు రెండుసార్లు దాన్ని చెత్తబుట్టలో పడేస్తే, రెండుసార్లూ తీసి మళ్లీ అక్కడే పెట్టింది. అది తిరుపాలమ్మది. ఆమె చనిపోయి ఏడు నెలలైంది. మంగళవారాల్లో ఓపీ గదిలో ఎవరు బాటిల్ మూత తిప్పినా, ఇప్పటికీ రెబెకా ఉలిక్కిపడి తలెత్తుతుంది.

రెబెకాది శింగనమల దగ్గర కూలి చేసుకు బతికిన ఇల్లు. హాస్టళ్లలో చదివి, కిడ్నీ డాక్టరై, అనంతపురంలోనే ఉండిపోయింది. నలభై దాటకుండానే చేనుకూలి ఆడవాళ్ల కిడ్నీలు ఎందుకు చెడుతున్నాయో తేల్చాలని ఆమె పట్టుదల. తిరుపాలమ్మ మొదట కిడ్నీలో రాళ్లతో వచ్చింది. రోజుకు మూడు లీటర్లు తాగమని చెప్పి, ఆ బాటిల్ రెబెకానే కొనిచ్చింది. మంగళవారం మంగళవారం తిరుపాలమ్మ దాన్ని తలకిందులు చేసి చూపేది.

"తాగినా డాక్టరమ్మా, అంతా తాగినా."

"శభాష్" అనేది రెబెకా.

మూత్రం మాత్రం రోజంతా ఎండిపోయిన మనిషిదిలా చిక్కగా వచ్చేది. ల్యాబులో శాంపిళ్లు తారుమారైనాయేమో అనుకుంది. బయట వందమంది నిలబడి ఉంటే, ఒక మనిషిని కూర్చోబెట్టి అడిగే తీరిక ఎవరికుంటుంది? తిరుపాలమ్మకు బీపీ ఉంది, నొప్పి మాత్రలు మింగేది, పోవడానికి కారణం నీళ్లొక్కటేనని ఏ డాక్టరూ అనలేడు. అయినా ఆ అడగకపోవడం రెబెకాను పీడిస్తూనే ఉంది.

పరిశోధనకు డబ్బులిచ్చే సంస్థకు ముప్పై పేజీల దరఖాస్తు పెట్టాలి. అంతా రాసేముందు ఒక పేజీలో ఆలోచన పంపితే, ఒక పెద్ద డాక్టరు చదివి బాగోగులు చెబుతాడు. ఆయన సరేనంటేనే ముందుకు. వయసు పరిమితి వల్ల రెబెకాకు ఇదే ఆఖరి ఏడాది. గీతలు గీసిన బాటిళ్లు పంచడం, గంటకోసారి తాగమని ఫోన్లో గుర్తుచేయడం, ఆరు నెలల తర్వాత రక్తపరీక్ష: ఇదీ ఆమె పేజీ. రాస్తున్నంతసేపూ చెవిలో ఒకటే మాట. తాగినా డాక్టరమ్మా.

శుక్రవారం భరత్‌కుమార్ ఫోన్ చేశాడు. పేజీ చదివిన పెద్ద డాక్టరు ఆయనే. హిందూపురం షావుకార్ల బిడ్డ, మొహమాటం ఎరగడు.

"పేజీ చక్కగుండాదమ్మా. చెప్తే తాగుతారని నీకెవరు చెప్పినారు? ఎందుకు తాగరో ఆళ్లని అడిగినావా?"

"లేదు సార్."

"సోమవారం లోపల అడిగి రా. లేకుంటే నేను పంపను."

రెబెకాకు చుర్రుమంది. కూలోళ్ల సంగతి షావుకారి కొడుకు నాకు చెప్పాలా అనుకుంది. అనుకున్నా, శనివారం పొద్దున ఎనిమిదికల్లా తిరుపాలమ్మ ఊరి శెనక్కాయ చేన్లో ఉంది. కలుపు తీసే గుంపులో తిరుపాలమ్మ తోడికోడలు తిమ్మక్క కూడా ఉంది. కనుచూపు మేర ఎర్రనేల తప్ప ఒక పొద లేదు. గట్టు మీద మేస్త్రి, అవతల ట్రాక్టరు దగ్గర మగవాళ్లు. పన్నెండుకు అందరూ సద్దికి కూర్చున్నాక రెబెకా తన పేజీ చదివి వినిపించింది. ఒకామె నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది.

"తాగితే యాడికి పోవల్ల?" అంది తిమ్మక్క. "ఈ బయలు సూడు. కూచునేదానికి మరుగుండాదా? తెల్లారకముందే పోయొస్తాం, మళ్ల పొద్దు గూకినాకనే. నడుమ గొంతు తడుపుకుంటాం, అంతే."

"తిరుపాలమ్మ ఖాళీ బాటిల్ చూపిచ్చేది గదా?"

తిమ్మక్క చేతిలోని ముద్ద పక్కన పెట్టింది. "ఆస్పత్రి గేటుకాడ వేపసెట్టు మొదట్లో పారబోసేది. నిండు బాటిల్ సూస్తే డాక్టరమ్మ బాధపడ్తాదనేది. నువ్వు శభాష్ అంటాంటివంట. ఆ మాటకే మురిసిపోతాండె, పిచ్చిది."

తిమ్మక్క ఆమె సంచి వైపు చూపించి, "నీ బాటిల్ తీ" అంది.

తీసింది. మూత కూడా విప్పలేదు. నాలుగు గంటలు ఎండలో ఉండి ఒక్క గుక్క తాగలేదు. వద్దని ఎవరూ చెప్పలేదు, తాగొద్దని తాననుకోనూ లేదు. మరుగుదొడ్డి లేని బడికి పోయేటప్పుడు నీళ్లు ముట్టొద్దు పాపా అని అవ్వ చెప్పిన మాట పదేళ్లు పాటించిన ఒళ్లు అది. చదువుకుని ఆమె మరిచిపోయింది కానీ, చేన్లోకి రాగానే ఒంటికి గుర్తొచ్చింది. చెప్పేవాళ్లకు వినేవాళ్లు లోకువంటారు. రెబెకాకు ఏడుపొచ్చింది, ఏడ్చింది కూడా.

ఆదివారం చర్చి నుంచి వచ్చి పేజీ మొత్తం మార్చి రాసింది. బాటిళ్లు పోయి, చేనునుంచి చేనుకు మోసుకుపోగల మరుగుదొడ్డి వచ్చింది. అది ఉన్న చేన్లలో, లేని చేన్లలో ఆడవాళ్లు ఎంత తాగుతారో చూడాలి.

సోమవారం భరత్‌కుమార్ గొంతులో సంతోషం. "ఇదీ మాటంటే! ఈ పొద్దే పంపుతాండా. ఎవరు చెప్పినారమ్మా?"

తిమ్మక్క పేరు చెప్పాలనే నోరు తెరిచింది, వచ్చింది మాత్రం వేరే పేరు.

"తిరుపాలమ్మ అని, నా పేషెంటు సార్."

"దరఖాస్తు రాయకముందే అడిగినావు, మంచి పని చేసినావు. ఆయమ్మకు నా దండాలు చెప్పు."

రెబెకా బల్ల మీది బాటిల్ వైపు చూసింది.

"సరే సార్" అంది. తిరుపాలమ్మ కూడా ప్రతి మంగళవారం ఇలాగే, ఎదుటి మనిషిని నొప్పించలేక తాగినాననేది.